ఆ పిల్లాడికి అన్నం పెట్టిన తల్లి

పోయిన వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తలకోన పోయాం. జలపాతం చూసి చెట్ల మధ్యనుంచి తిరిగి వస్తుంటే మా చిన్నోడు ఒక ప్రశ్న వేశాడు. టీవీలో చూసే మోగ్లీ అడవి వదిలేసి ఊళ్లోకొస్తే ఎవరింట్లో ఉంటాడమ్మా, వాడికి అన్నం ఎవరు పెడతారు అని. ఏదో చెప్పి వాణ్ణి మాట మరిపించాను గానీ, ఆ ప్రశ్న తిరుపతి వచ్చేదాకా నన్ను వదల్లేదు.

మా వైపు కన్నప్ప కథ తెలియని ఇల్లుండదు. కాళహస్తి పోతే అందరం ఆయన్ను తలుచుకుంటాం. శాస్త్రం తెలియని అడవిబిడ్డ భక్తికి చేతులు జోడిస్తాం. కానీ అట్లాంటి బిడ్డ నిజంగా మన గుమ్మం ముందుకొచ్చి నిలబడితే? లోపలికి రమ్మంటామా, తలుపేసుకుంటామా?

అట్లా నిజంగానే వచ్చిన ఒక పిల్లాడి జీవితం నాకు తెలుసు. ఫ్రాన్స్ దేశపు విక్టర్. వాడి గురించి డాక్టర్లు, పంతుళ్లు రెండు వందల ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. నాకు మాత్రం వాడికంటే వాడికి అన్నం పెట్టిన ఇల్లాలే ఎక్కువగా గుర్తుండిపోయింది.

1797 ప్రాంతంలో ఫ్రాన్స్ దక్షిణాన లకోన్ అడవుల్లో ఒంటిమీద బట్టలేని ఒక పిల్లాడు తిరుగుతున్నాడని పల్లె జనం చెప్పుకునేవాళ్లు. రెండుసార్లు పట్టుకొచ్చారు. రెండుసార్లూ పారిపోయాడు. మూడోసారి, 1800 జనవరి చలిలో, అవెరోన్ జిల్లా సెయింట్ సెర్నిన్ అనే ఊళ్లో ఒకతని పెరట్లోకి తనే వచ్చాడు. పదకొండు, పన్నెండేళ్లుంటాయి. మాట లేదు. ఒళ్లంతా గాయాల మచ్చలు. గొంతుమీద కత్తితో కోసినట్టు ఒక పొడుగాటి మచ్చ. ఎవరో చంపాలనుకుని అడవిలో వదిలేసి ఉంటారని అప్పటివాళ్లే అనుమానపడ్డారు.

తినడానికి రకరకాలవి ముందు పెడితే వాడు ఉర్లగడ్డలు ఏరుకుని నిప్పుల్లో వేశాడట. సగం కాలీకాలక ముందే చేత్తో తీసి తినేశాడట. పక్కన తుపాకి పేల్చినా తిరిగి చూడనివాడు, వెనకాల ఎవరైనా అక్రోట్ కాయ పగలగొడితే మాత్రం టక్కున తిరిగేవాడు. చెవుడు కాదన్నమాట. వాడికి పనికొచ్చే చప్పుడే వాడికి వినిపించేది.

ఆ ఏడాది ఆగస్టులో వాణ్ణి పారిస్‌లోని బధిరుల పాఠశాలకు తెచ్చారు. అడవి మనిషిని చూడాలని పట్నం జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. వాళ్లు చూసింది మురికిగా, ముందుకూ వెనక్కూ ఊగుతూ, దగ్గరికొస్తే కరిచే ఒక పిల్లాణ్ణి. నాలుగు రోజుల్లో మోజు తీరిపోయింది. మానసిక వైద్యంలో గొప్ప పేరున్న పినెల్ అనే డాక్టరు వాడికి పుట్టుకతోనే బుద్ధి లేదని, నేర్పినా రాదని తేల్చేశాడు.

ఒప్పుకోనివాడు ఒక్కడే, ఇటార్ అనే కుర్ర డాక్టరు. అప్పటికి ఇరవై ఆరేళ్లు. బుద్ధి లేక కాదు, మనుషుల మధ్య పెరగక ఇట్లా అయ్యాడని ఆయన నమ్మకం. 'ఓ' అనే శబ్దానికి పిల్లాడు తల తిప్పుతున్నాడని గమనించి, ఆ శబ్దం వచ్చేట్టు విక్టర్ అని పేరు పెట్టాడు.

పాఠాలు డాక్టరువి. మరి మిగతా పని? స్నానం, తిండి, పక్క బట్టలు, రాత్రి కాపలా, బయటికి తిప్పడం? అదంతా మదాం గెరాన్ అనే ఆమె చేతుల్లో పడింది. ఆ పాఠశాలలో పనికి కుదిరిన మామూలు సంసారి. వాడి బాగోగులు చూసినందుకు ప్రభుత్వం ఆమెకు ఇచ్చింది ఏడాదికి 150 ఫ్రాంకులు.

మొదట్లో విక్టర్‌కు చలీ వేడీ పట్టేవి కావు. మంచు పడితే సగం బట్టలతో తోటలోకి ఉరికి పొర్లాడేవాడు. రోజూ గంటలకొద్దీ వేడినీళ్ల స్నానం చేయిస్తే, కొన్ని నెలలకు తనే వేలు ముంచి నీళ్లు కాగాయో లేదో చూసుకోవడం నేర్చుకున్నాడు. బట్ట వేసుకుంటే హాయి అని తెలిసింది. చీదరించుకోకుండా, తొందరపెట్టకుండా నేర్పితేనే ఏ పిల్లాడికైనా వచ్చే పనులివి.

గెరాన్ రోజూ వాణ్ణి తోటకు తీసుకుపోయేది. దారిలో తెలిసినాయన ఇంట్లో వాడికి పాలు పోసేవారు. పాలను ఫ్రెంచిలో 'లే' అంటారు, రాతలో నాలుగు అక్షరాలు. ఒకరోజు విక్టర్ బయల్దేరే ముందు ఆ నాలుగు చెక్క అక్షరాలనూ జేబులో వేసుకుని పోయి, ఆ ఇంట్లో బల్లమీద వరసగా పేర్చాడు. ఎవరూ చెప్పలేదు. మూగనోటితో పిల్లాడు తనంతట తానే పాలు అడిగాడు. వారం వారం తల్లిని చూడ్డానికొచ్చే గెరాన్ కూతురు జూలీ అంటే కూడా వాడికి ఇష్టమే. ఆ పేరులోని 'లీ' అనే ముక్కను నిద్రలో కూడా పలికేవాడట.

డాక్టరు మంచివాడే గానీ, కొన్నిసార్లు ఓపిక నశించి మొరటుగా ప్రవర్తించాడు. పాఠం విసిరికొట్టాడని ఒకసారి ఎత్తుమీది కిటికీలోంచి కిందికి వంచి భయపెట్టాడు. పిల్లాడు వణికిపోతూ వచ్చి అక్షరాలు సర్దాడు. తర్వాత మంచంమీద పడి ఏడ్చాడు. వాడు కన్నీళ్లు పెట్టడం ఇటార్ అప్పుడే మొదటిసారి చూశాడు. దాన్ని దాచకుండా రాసుకున్నందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. కానీ చదివినప్పుడల్లా, హోంవర్కు దగ్గర నేను మా పిల్లల్ని కసురుకున్న రోజులు గుర్తుకొచ్చి తల దించుకుంటాను.

ఒకసారి విక్టర్ ఇల్లు వదిలి పారిపోయాడు. పోలీసులు పట్టుకుని, ఎవరి బిడ్డో తెలియక రెండు వారాలు జైల్లో ఉంచారు. గెరాన్ వెతుక్కుంటూ పోయింది. ఆమెను చూడగానే వాడి మొహం పాలిపోయి ఒక్క క్షణం స్పృహ తప్పిందట. ఆమె దగ్గరికి తీసుకున్నాక తేరుకుని సంతోషంతో కేకలు వేశాడట. అడవికంటే ఇష్టమైన మనిషి ఒకరు వాడికి దొరికారు.

ఇంకో సంగతి. భోజనాల బల్ల సర్దడం విక్టర్ పని. గెరాన్ భర్త జబ్బుచేసి చనిపోయిన రోజు, వాడు అలవాటు ప్రకారం ఆయనకూ కంచం పెట్టాడు. అది చూసి ఆమె దుఃఖం ఆపుకోలేకపోయింది. తను చేసిన పనివల్లే ఆమె ఏడ్చిందని వాడికి అర్థమైంది. మెల్లగా ఆ కంచం తీసి అల్మరాలో పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. బుద్ధి లేదని పెద్ద డాక్టరు తేల్చిన పిల్లాడు వీడే!

మాట మాత్రం రాలేదు. అయిదేళ్లు కష్టపడి, 1806లో రెండో నివేదిక రాసి ఇటార్ చేతులెత్తేశాడు. గెరాన్ ఎత్తలేదు. 1811లో విక్టర్‌ను పాఠశాలనుంచి పంపేస్తే, దగ్గర్లోనే ఒక ఇంట్లో తనతోపాటు ఉంచుకుంది. 1828లో, నలభై ఏళ్ల వయసులో వాడు ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.

ఇటార్ పాఠాలు వృథా పోలేదు. ఆయన శిష్యుడు సెగాన్ వాటిని మందబుద్ధి పిల్లల చదువుకు మలిచాడు. వాళ్లిద్దరి పుస్తకాలూ చదివి మాంటిస్సోరి తన పద్ధతి తయారుచేసింది. ఆమె 1939లో మన పక్కనున్న మద్రాసుకే వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. మన పిల్లలు బడిలో పట్టుకుని ఆడే చెక్క అక్షరాల వెనక విక్టర్ ఉన్నాడు. వాడికి ఆటిజం ఉండొచ్చని ఇప్పుడు కొందరు పరిశోధకులంటారు. కాదు, ఒంటరిగా పెరగడమే కారణమని మరికొందరంటారు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా వీధిలో నాలుగేళ్ల బాబు ఒకడున్నాడు. మాట రాలేదు. పిలిస్తే చూడడు. కుక్కర్ ఈల వినపడితే చెవులు మూసుకుంటాడు. మా ఇంట్లో వ్రతానికి వాళ్లమ్మ వాణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడు మా చిన్నోడి చెయ్యి పట్టుకోబోతే, నేను నా బిడ్డను పక్కకు లాక్కున్నాను. ఆమె చూసింది. తాంబూలం తీసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ బాబుకు అడవి అక్కర్లేదు, మాలాంటి ఇళ్లు పది ఉంటే చాలు అనిపించింది తర్వాత.

తలకోన నుంచి వచ్చిన మర్నాడు ఉడకబెట్టిన చెనిక్కాయలు గిన్నెలో వేసుకుని, మా చిన్నోణ్ణి వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాను. ఆ రోజు చేసింది తప్పని ఆమెతో చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి రమ్మని చాప వేసింది. బాబు మా వైపు చూడలేదు. కానీ గిన్నె కింద పెట్టాక, వచ్చి మా చిన్నోడి పక్కన కూర్చుని ఒక్కో కాయే తీసుకున్నాడు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు పోతున్నాం. వాడి పేరు పలకడం మావాడికి అలవాటైంది. మావాడి పేరు వాడు పలుకుతాడో లేదో తెలియదు. పలకకపోయినా పోతాం.