లాన్ చేనీ

లాన్ చేనీ (ఏప్రిల్ 1, 1883 - ఆగష్టు 26, 1930) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ మూకీ చలనచిత్ర నటుడు, రూపశిల్పి. ఇతని అసలు పేరు లియోనిడాస్ ఫ్రాంక్ చేనీ. వేయి ముఖాల మనిషిగా ప్రసిద్ధి చెందిన ఇతడు 150కి పైగా చిత్రాలలో నటించాడు. చలనచిత్ర నిర్మాణ సంస్థలలో ప్రత్యేక మేకప్ విభాగాలు బాగా ఏర్పడని ఆ రోజులలో తన పాత్రల ముఖాలను, వికృతాంగాలను, కట్టుడుపళ్ళను తానే కల్పించుకొనేవాడు. ఇందుకు అతడు వాడినవి చాలావరకు మందుల దుకాణములోను, దంతవైద్యుని వద్దను, తోలుపని చేసేవారి వద్దను దొరికే సామాన్యమైన వస్తువులే. దూది, జిగురు, సన్నని తీగ, తోలుపట్టీలు, ప్లాస్టరు వీటిలో ముఖ్యమైనవి.

బాల్యము

చేనీ కొలరాడో రాష్ట్రములోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణములో జన్మించాడు. తల్లి ఎమ్మా, తండ్రి ఫ్రాంక్ ఇద్దరూ బధిరులు. తండ్రి క్షురకవృత్తిలో ఉండేవాడు. తల్లి తండ్రియైన జొనాథన్ కెన్నెడీ 1874లో కొలరాడోలో బధిరుల పాఠశాలను స్థాపించాడు. చేనీ బాలుడుగా ఉన్నపుడే తల్లి కీళ్ళ వ్యాధితో మంచము పట్టింది. ఆమెకు, చిన్నవారికి పరిచర్య చేయడానికి అతడు నాలుగవ తరగతిలోనే చదువు మానివేశాడు. బయట జరిగిన విశేషాలను తల్లికి సైగలతోను, ముఖ కవళికలతోను అభినయించి చూపేవాడు. మాట లేకుండా భావాన్ని తెలియజేసే ఈ అభ్యాసము తరువాతి కాలములో మూకీ చిత్రాలలో అతనికి పెట్టుబడి అయింది.

రంగస్థల జీవితము

అన్న జాన్ స్థానిక నాటకశాలలో పనిచేసేవాడు. అతని ద్వారా చేనీ కూడా అక్కడ చేరి, రంగస్థలముపై వాడే వస్తువులను సమకూర్చడము, తెరలు ఎత్తడము, దించడము వంటి పనులు చేశాడు. గోడలకు కాగితాలు అంటించడము, తివాచీలు పరచడము కూడా నేర్చాడు. తక్కువ ఖర్చుతో లేనిదానిని ఉన్నట్లుగా చూపే నాటకశాల విద్య అతనికి ఈ విధముగా చేతిపని ద్వారా పట్టుబడింది. 1902లో నటుడుగా తొలిసారి రంగస్థలము ఎక్కాడు. తరువాత సంచార నాటక సమాజాలతో ఊరూరా తిరిగాడు. అటువంటి సమాజాలలో ఒకే నటుడు అనేక వేషాలు వేయవలసి వచ్చేది, వేషాన్ని ఎవరికి వారే సిద్ధము చేసుకొనేవారు.

1905లో గాయని క్లీవా క్రైటన్‌ను వివాహమాడాడు. 1906లో కుమారుడు క్రైటన్ జన్మించాడు. దంపతుల మధ్య కలహాలు పెరిగి, 1913లో లాస్ ఏంజిలిస్‌లో చేనీ పనిచేస్తున్న నాటకశాలలోనే క్లీవా విషము త్రాగింది. ఆమె ప్రాణాలు దక్కాయి గాని గాత్రము దెబ్బతిన్నది. ఈ సంఘటన వలన చేనీకి నాటకరంగములో అవకాశాలు మూసుకొనిపోయాయి. జీవనోపాధి కొరకు అతడు చలనచిత్రాల వైపు మళ్ళాడు. విడాకుల తరువాత 1915లో హేజల్ హేస్టింగ్స్‌ను వివాహమాడాడు.

చలనచిత్ర రంగము

యూనివర్సల్ సంస్థలో చిన్న వేషాలతో చేనీ పని మొదలయింది. ఏ వేషము కావలసివస్తే ఆ వేషానికి తగిన ముఖముతో సిద్ధముగా ఉండడము వలన ఇతరులకన్న ఎక్కువ అవకాశాలు పొందగలిగాడు. 1919లో విడుదలైన 'ది మిరకిల్ మాన్' చిత్రములో అవిటివానిగా నటించే మోసగాని పాత్ర అతనికి పెద్ద పేరు తెచ్చింది. ఈ చిత్రములో నేడు కొన్ని భాగాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. 1924 నుండి మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థలో అగ్రతారగా వెలుగొందాడు. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్‌తో 1919 - 1929 మధ్య పది చిత్రాలకు పనిచేశాడు.

రూపకల్పన పద్ధతి

ముఖముపై ఎముకల ఆకారాన్ని మార్చడానికి చేనీ ప్రధానముగా దూదిని, కొలోడియన్ అనే ద్రావకాన్ని వాడేవాడు. కొలోడియన్ ఆ రోజులలో చిన్న గాయాలపై పూతగా మందుల దుకాణాలలో అమ్మేవారు. ఈథరు, ఆల్కహాలు ఆవిరైపోగా చర్మముపై పలుచని గట్టి పొర మిగులుతుంది. దూదిని పలుచగా విడదీసి, పొరలు పొరలుగా అతికి, ప్రతి పొరపై ఈ ద్రావకాన్ని పూస్తే కావలసిన చోట ఎత్తు ఏర్పడుతుంది. ఆరిన తరువాత దానిపై రంగు పూయవచ్చు. సాయంత్రానికి ఇది పాడవుతుంది కనుక మరునాడు మళ్ళీ మొదటినుండి చేసుకోవలసిందే. అచ్చులో పోసి తయారుచేసే నురుగు రబ్బరు తొడుగులు 1930ల చివరి వరకు వాడుకలోనికి రాలేదు. చిత్రీకరణ ఎన్ని రోజులు జరిగినా ముఖము ప్రతిరోజూ ఒకే విధముగా కనిపించేటట్లు చేయడములోనే నేర్పు ఉండేది.

కట్టుడుపళ్ళకు దంతవైద్యులు వాడే గట్టాపర్చా అనే చెట్టుపాల పదార్థము ఉపయోగపడింది. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడడము దీని గుణము. గడ్డాలకు, మీసాలకు జడలుగా అల్లిన ఉన్నిని విప్పి, జిగురుతో అతికేవారు.

ఫిల్ము స్వభావము కూడా అతనికి బాగా తెలుసు. ఆనాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముపై ఎరుపు రంగు నల్లగాను, నీలము తెల్లగాను పడేది. అందువలన అద్దములో సరిగా కనిపించిన రంగు తెరపై వేరుగా ఉండేది. 1920ల చివరలో అన్ని రంగులనూ గ్రహించే పాంక్రోమాటిక్ ఫిల్ము వ్యాప్తిలోనికి వచ్చినపుడు రంగుల ఎంపికను మార్చుకోవలసి వచ్చింది.

ప్రసిద్ధ పాత్రలు

'ది పెనాల్టీ' (1920): మోకాళ్ళ క్రింద కాళ్ళు లేని నేరస్థుని పాత్ర. కాళ్ళను వెనుకకు మడచి తోలుపట్టీలతో కట్టుకొని, మోకాళ్ళకు తోలు తొడుగులు వేసుకొని నడిచాడు. రక్తప్రసరణ ఆగిపోవడము వలన కొద్దిసేపటికే కట్లు విప్పవలసి వచ్చేది.

'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్' (1923): విక్టర్ హ్యూగో నవల ఆధారముగా నిర్మించినది. నిర్మాణానికి పది లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది, పారిస్ మహామందిరము యొక్క భారీ సెట్టు వేశారు. ఇంతటి చిత్రానికి కేంద్రమైన క్వాసిమోడో ముఖము మాత్రము దూది, కొలోడియన్, మైనము వంటి మెత్తని పదార్థములతోనే తయారయింది. గూనిని ప్లాస్టరుతో చేసి తోలు జీనుతో వీపుకు కట్టుకున్నాడు. గూని బరువు 70 పౌండ్లకు పైగా ఉన్నదని ఆనాడు ప్రచారము జరిగినా, అది సుమారు 20 పౌండ్లేనని తరువాతి పరిశోధకులు తేల్చారు.

'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' (1925): పుర్రెవంటి ముఖము కొరకు చెంప ఎముకలను ఎత్తుచేసి, ముక్కు కొనను పలుచని పట్టీతో పైకి లాగి అంటించాడు. ఇందుకు తీగను వాడాడని, దానివలన రక్తము వచ్చేదని కూడా చెబుతారు. చిత్రము విడుదలయ్యేవరకు ఈ ముఖాన్ని ప్రకటనలలో చూపలేదు.

'మిస్టర్ వూ' (1927): నూరేళ్ళ చైనా వృద్ధునిగా కనిపించడానికి దూది, కొలోడియన్‌లతో పాటు చుట్టలు కాల్చే గొట్టాల కొనలను ముక్కుపుటాలలో అమర్చుకున్నాడు. ఈ వేషానికి కొన్ని గంటలు పట్టేది. నేటి దృష్టిలో ఒక జాతి ముఖాన్ని మరొక జాతి నటుడు ఈ విధముగా ధరించడము విమర్శకు గురి అవుతున్నది.

'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' (1927): వాడిపళ్ళతో, ఎత్తైన టోపీతో ఉండే రక్తపిశాచి వేషము. కళ్ళు విప్పారినట్లు కనబడడానికి సన్నని తీగ చట్రాలను కళ్ళచుట్టూ అమర్చాడు. ఈ చిత్రపు చివరి ప్రతి 1965లో జరిగిన అగ్నిప్రమాదములో నశించినట్లు భావిస్తున్నారు. నిశ్చలచిత్రాలు మాత్రము మిగిలాయి.

చివరి దినములు

చేనీకి 1929లో 'థండర్' చిత్రము సమయములో న్యుమోనియా సోకింది. ఆ తరువాత ఊపిరితిత్తుల వ్యాధి క్యాన్సరుగా నిర్ధారణ అయింది. అదే సంవత్సరము ఎన్సైక్లోపీడియా బ్రిటానికా 14వ ముద్రణలో మేకప్ గురించి అతని వ్యాసము వెలువడింది. టాకీలు ప్రవేశించినపుడు ఎంతోకాలము వెనుకాడి, చివరకు 1930లో 'ది అన్‌హోలీ త్రీ' చిత్రములో తొలిసారిగా గొంతు వినిపించాడు. ఇందులో అతడు ఐదు వేరువేరు గొంతులతో మాట్లాడాడు. ఆ గొంతులన్నీ తనవేనని ప్రమాణపత్రముపై సంతకము కూడా చేశాడు. ఇదే అతని ఏకైక టాకీ. చిత్రము విడుదలైన కొద్ది వారాలకే, 1930 ఆగష్టు 26న, గొంతులో రక్తస్రావమై 47 సంవత్సరాల వయసులో లాస్ ఏంజిలిస్‌లో మరణించాడు. తల్లిదండ్రులకొరకు మాటలేని భాషను నేర్చినవాడు, వ్యాధి ముదిరిన చివరి దినాలలో మాట పడిపోగా మళ్ళీ ఆ సైగలనే ఆశ్రయించాడు.

ప్రభావము

చేనీ మరణానంతరము యూనివర్సల్ సంస్థలో జాక్ పియర్స్ 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' వంటి చిత్రాలకు దూది, కొలోడియన్ పద్ధతినే కొనసాగించాడు. కుమారుడు క్రైటన్ 'లాన్ చేనీ జూనియర్' పేరుతో నటించి 1941 నాటి 'ది వుల్ఫ్ మాన్' చిత్రముతో ప్రసిద్ధుడయ్యాడు. 1957లో చేనీ జీవితము ఆధారముగా 'మాన్ ఆఫ్ ఎ థౌజండ్ ఫేసెస్' అనే చిత్రము వచ్చింది. అందులో జేమ్స్ కాగ్నీ చేనీ పాత్రను ధరించాడు. అమెరికా తపాలాశాఖ 1994లోను, 1997లోను అతని స్మారక బిళ్ళలు విడుదల చేసింది. అతని మేకప్ పెట్టె లాస్ ఏంజిలిస్ కౌంటీ నేచురల్ హిస్టరీ మ్యూజియమునకు చేరింది.

ఇష్టమైన పాత్రల వేషాలను స్వయముగా తయారుచేసుకొని ధరించే కాస్‌ప్లే వేడుకలలోను, హాలోవీన్ పండుగనాడు ఫాంటమ్, క్వాసిమోడో వేషాలు నేటికీ కనిపిస్తాయి. తక్కువ ఖర్చుతో వేషము కట్టేవారికి చేనీ జీవితము రెండు పాఠాలను చెబుతుంది. మొదటిది, వస్తువు ఖరీదు కంటే దాని గుణము తెలియడము ముఖ్యమన్నది. రెండవది, అతని పద్ధతులన్నీ అనుకరణీయములు కావన్నది. కొలోడియన్ సులభముగా మండుతుంది, ఆరేటపుడు చర్మాన్ని ముడుచుకొనేటట్లు లాగుతుంది. అవయవాలను బిగించి కట్టుకొనడము రక్తప్రసరణకు ఆటంకము. కంటిలోను, ముక్కులోను తీగలు, గట్టి వస్తువులు ఉంచడము ప్రమాదకరము. నేడు చర్మముపై వాడడానికే తయారుచేసిన లేటెక్సు, సిలికోను పదార్థాలు, వాటికి తగిన జిగురులు దొరుకుతున్నాయి. లేటెక్సు పడనివారు కూడా ఉంటారు కనుక వాటిని సైతము ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా పూసి చూచుకొనడము మంచిది.