బార్‌కి కాదు, ఫోన్ దగ్గరికి

జాబ్ రాలేదని తెలిసిన సాయంత్రం మీ చెయ్యి సిగరెట్ కోసం వెతుకుతుందా? అయితే బిల్ విల్సన్ కథ వినండి. వాల్‌స్ట్రీట్‌లో పనిచేసి, తాగుడుతో కెరీర్ పోగొట్టుకున్న అమెరికన్. 1934 డిసెంబర్‌లో మందు మానేశాడు. ఐదు నెలలకే ఆక్రన్ అనే కొత్త ఊళ్లో బిజినెస్ డీల్ చెడింది. హోటల్లో ఒకవైపు బార్, మరోవైపు ఫోన్. ఆయన ఫోన్ అందుకున్నాడు. తనలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ పరిచయమయ్యాడు. ఒకరికొకరు తోడుగా నిలబడ్డారు. 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అలాగే.

విల్సన్ మళ్లీ మందు ముట్టలేదు. సిగరెట్‌ని మాత్రం ఏళ్ల తరబడి వదల్లేకపోయాడు. ఊపిరితిత్తుల జబ్బుతో 1971లో చనిపోయాడు.

మీరు సిగరెట్ మానేస్తున్నారా? మానేస్తున్న ఇంకో ఫ్రెండ్‌ని వెతుక్కోండి. మనసు లాగినప్పుడు ముందు వాళ్లకే ఫోన్ చేయండి.