పదవిని విడువనేర్చిన లాల్ బహదూర్ శాస్త్రి

ఓటు వేయబోవువాడు సాధారణముగా నాయకుని వాగ్ధాటిని చూచును. వెంట నడచు జనమును చూచును. అంతకంటె ముఖ్యముగా చూడవలసినది మరొకటి కలదు. ఇదివరలో చేతికందిన అధికారమును ఆ మనిషి ఎట్లు పట్టుకొనెను? పొరపాటు జరిగిననాడు దానిని ఎవరి నెత్తిన వేసెను? లాల్ బహదూర్ శాస్త్రి విషయమున ఈ ప్రశ్నలకు సమాధానము, ఆయన ప్రధానమంత్రి కాకమునుపే దేశమునకు దొరకినది.

శాస్త్రి 1904 అక్టోబరు 2వ తేదీన, నాడు మొగల్‌సరాయి అని పిలువబడిన ఊరిలో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించుటచే తల్లి రామ్‌దులారీదేవి పుట్టింట పెరిగిరి. కులమును తెలుపు శ్రీవాస్తవ అను పేరును ఆయన చిన్ననాడే వదలుకొనిరి. తెలుగునాట శాస్త్రి అనగానే ఒక కులము స్ఫురించును గాని, ఆయన పేరిటి శాస్త్రి పదము కాశీ విద్యాపీఠము ఇచ్చిన పట్టము మాత్రమే. స్వాతంత్ర్యోద్యమమున ఏండ్ల తరబడి చెరసాలలో నుండిరి. ఒకమారు కుమార్తె జబ్బుపడగా పదునైదు దినముల గడువుపై విడుదలైరి. బిడ్డ దక్కలేదు. అంత్యక్రియలు ముగించి, గడువు మిగిలియుండగనే తిరిగి చెరసాలకు వెడలిరి.

1952లో ఆయన కేంద్రమున రైల్వే మంత్రి యైరి. 1956 సెప్టెంబరులో, నాటి హైదరాబాదు రాష్ట్రములోని మహబూబ్‌నగరు సమీపమున వరదకు వంతెన కొట్టుకొనిపోయి రైలు కూలినది. నూరుమందికి పైగా మరణించిరి. శాస్త్రి రాజీనామా సమర్పించగా నెహ్రూ అంగీకరింపలేదు. మూడు నెలలైనను గడువకమునుపే, నవంబరు 23వ తేదీన, మదరాసు రాష్ట్రమున అరియలూరు వద్ద అట్టి ఘోరమే మరల జరిగి, మరి నూట నలుబది మందికి పైగా ప్రాణములు పోయినవి. ఈ పర్యాయము శాస్త్రి పట్టు విడువలేదు. ప్రమాదమునకు మంత్రి కారకుడు కాడని పార్లమెంటులో చెప్పుచునే, రాజ్యాంగ మర్యాదకు ఆదర్శమగునని నెహ్రూ ఆ రాజీనామాను ఆమోదింపజేసిరి.

మంత్రి తొలగినంతనే వంతెనలు బలపడునా అని అడుగువారు కలరు. బలపడవు, నిజమే. కాని ఒక గ్యాంగుమనిషినో, ఒక ఇంజనీరునో శిక్షించి మంత్రి చేతులు దులుపుకొనుట ఎంత సులభము! ఆ సులభమైన దారి ఆయనకు నచ్చలేదు.

మరుసటి యేడు ఎన్నికలలో అలహాబాదు ప్రజలు ఆయనను గెలిపించిరి. 1961లో హోంమంత్రి యైరి. 1963లో కామరాజు పథకము ననుసరించి ఆ పదవిని కూడ విడిచిరి. నెహ్రూ మరణానంతరము 1964 జూన్ 9వ తేదీన ప్రధాని యైరి.

మెత్తని మాటయు, పొట్టి రూపమును చూచి ఆయనను బలహీనుడని తలచినవారు పెక్కుమంది. హిందీ విషయమున 1965 ఆరంభమున మదరాసు రాష్ట్రము అట్టుడికినప్పుడు ఆయన కొంత ఆలసించిన మాట వాస్తవము. ఇద్దరు కేంద్రమంత్రులు రాజీనామా చేయునంతవరకు వచ్చిన పిదపనే ఆంగ్లము కొనసాగునని రేడియోలో హామీ యిచ్చిరి. కాని అదే సంవత్సరము సెప్టెంబరులో, పాకిస్తాను సేనలు అఖ్నూరు వైపు వచ్చుచుండగా, మన సైన్యము లాహోరు దిక్కునకు సాగుటకు అనుమతినిచ్చినవాడును ఆ మెత్తని మనిషియే. పొట్టివానికి పుట్టెడు బుద్ధులని మనవారు ఊరక అనలేదు. తిండిగింజల కొరత వచ్చినప్పుడు వారమునకొక పూట భోజనము మానుడని దేశమును కోరిరి. కోరుటకు ముందు తమ యింట ఆ నియమమును ఆచరించి చూచిరి.

1966 జనవరి 10వ తేదీన తాష్కెంటులో అయూబ్‌ఖానుతో ఒప్పందముపై సంతకము చేసిరి. ఆ రాత్రియే, తేదీ మారిన కొలది సేపటికి, అచటనే కన్నుమూసిరి. ఆయన ప్రధానిగా నుండినది పందొమ్మిది నెలలు. ఆ పదవిలో నుండి సాధారణ ఎన్నికలలో ప్రజల తీర్పు కోరు అవకాశము ఆయనకు రానేలేదు. ప్రధానిగా నుండి ఫియట్ కారు కొనుటకు పంజాబ్ నేషనల్ బ్యాంకులో ఆయన తీసికొన్న 5,000 రూపాయల అప్పు మిగిలిపోగా, భార్య లలితాదేవి తమ పింఛనునుండి దానిని తీర్చిరి.