కన్యాశుల్కం – గురజాడ

1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ నాటక సమాజం వారు ఒక కొత్త నాటకాన్ని ప్రదర్శించారు. అందులో రాజులు లేరు, దేవతలు లేరు. ఆ చుట్టుపక్కల అగ్రహారాలలో ఆడపిల్లలకు వెల కట్టి వృద్ధులకు అమ్ముకొనే తండ్రులూ, ఆ అమ్మకాన్ని కుదిర్చే పెద్దలూ అందులోని పాత్రలు. వారు మాట్లాడిన తెలుగు కూడా ప్రేక్షకులు తమ ఇళ్లలో మాట్లాడుకొనేదే. ఆ నాటకం కన్యాశుల్కం. దాని కర్త గురజాడ వేంకట అప్పారావు.

అప్పారావు 1862 సెప్టెంబరు 21న, నేటి అనకాపల్లి జిల్లాలోని సర్వసిద్ధి రాయవరంలో మాతామహుల ఇంట జన్మించారు. తల్లిదండ్రులు కౌసల్యమ్మ, వేంకట రామదాసు. చీపురుపల్లిలో కొంతకాలం చదివి విజయనగరం చేరారు. అక్కడి కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖరశాస్త్రి ఆయనను ఆదరించి, ఉండడానికి చోటిచ్చారు. గిడుగు రామమూర్తి అక్కడే సహాధ్యాయి. 1886లో పట్టభద్రులైన అప్పారావు మరుసటి సంవత్సరం ఆ కళాశాలలోనే అధ్యాపకులయ్యారు. క్రమంగా మహారాజా ఆనంద గజపతికి ఆంతరంగికులయ్యారు.

విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకొని చేసిన బ్రాహ్మణ వివాహాల పట్టికను మహారాజా తయారు చేయించారు. మూడేళ్లలో 1034 వివాహాలు లెక్కకు వచ్చాయి. వధువులలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది. ఏడాది వయసు పసికందులు ముగ్గురు. వారి వెల 350 నుండి 400 రూపాయలు. తల్లి కడుపులో ఉన్న శిశువుకు సైతం బేరాలు జరిగేవట. వరుడు వృద్ధుడు గనుక, ఆ బాలికలలో ఎందరో ఊహ తెలియకముందే వితంతువులయ్యేవారు. శాస్త్రం పేరు చెప్పి వారికి పునర్వివాహం నిషేధించేవారు. ఈ అంకెలను గురజాడ తన నాటకం మొదటి కూర్పు పీఠికలో పొందుపరిచారు.

నాటకంలో అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు బుచ్చమ్మను ఇదే విధంగా ఇచ్చి, ఆమె వితంతువై ఇల్లు చేరినా కళ్లు తెరవడు. చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ముసలివాడికి 1800 రూపాయలకు కుదుర్చుకొంటాడు. తల్లి వెంకమ్మ గోడు వినేవారు లేరు. ఆమె అన్న కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, వాడినే లుబ్ధావధాన్లకు కట్టబెట్టి సుబ్బి పెళ్లిని తప్పిస్తాడు. ఆనాటి నాటక సమాజాలలో స్త్రీ పాత్రలు పురుషులే ధరించేవారు. వేదిక మీద వధువు పురుషుడే, కథలోని వధువూ పురుషుడే! సభ నవ్వకుండా ఎలా ఉంటుంది? కాని వస్తువును కొన్నట్లు కొన్నాడు గనుకనే లుబ్ధావధాన్లు మోసపోయాడని ఆ నవ్వు నడుమనే ప్రేక్షకుడికి బోధపడుతుంది.

గురజాడ సంస్కర్తలనూ విడిచిపెట్టలేదు. వితంతువుల కోసం ఉపన్యాసాలు దంచే గిరీశం బుచ్చమ్మను లేవదీసుకొని పోవడానికే ఆ మాటలను వాడుకొంటాడు. చివరికి ఆమె పూనాలోని వితంతు శరణాలయానికి చేరుతుంది. అతడి బండారం బయటపడేది సమాజం వెలివేసిన వేశ్య మధురవాణి వల్లనే. కుటుంబ స్త్రీలకు లేని స్వేచ్ఛ, నోరు, తెలివిగా బేరమాడే శక్తి ఆమెకు ఉండడం ఆ నాటకంలోని తీవ్రమైన వ్యంగ్యం.

ప్రదర్శన విజయవంతమైంది. 1897లో గ్రంథం వెలువడి, ఆనంద గజపతికి అంకితమైంది. అదే ఏడు ఆయన మరణించారు. అటుపై గురజాడ రీవా మహారాణి అప్పలకొండయాంబకు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశారు. సంస్థానపు వ్యవహారాలు ఆయన కాలాన్ని ఎంతగానో హరించాయి. అయినా కన్యాశుల్కాన్ని దాదాపు తిరగ రాసి, ఎంతో పెంచి 1909లో రెండవ కూర్పు తెచ్చారు. మధురవాణి నేడు మనకు తెలిసిన మధురవాణి అయింది అందులోనే. ముసలి భర్తకు కట్టబడి ప్రాణం తీసుకొన్న బాలిక కథను పూర్ణమ్మ అనే గేయంగా మలిచారు.

నాటకంలో వాడిన భాష కోసం ఆయన జీవితాంతం పోరాడవలసి వచ్చింది. ఇంటర్మీడియట్ విద్యార్థులు వ్యాసాలను ఏ తెలుగులో రాయాలన్న వివాదం మద్రాసు విశ్వవిద్యాలయంలో చెలరేగినప్పుడు, వాడుక భాష పక్షాన 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పటికే ఆరోగ్యం క్షీణించింది. 1915 నవంబరు 30న, 53 ఏళ్ల వయసులో, విజయనగరంలో కన్నుమూశారు. కొండుభట్టీయం, బిల్హణీయం అనే మరో రెండు నాటకాలు అసంపూర్ణంగా మిగిలిపోయాయి.