సగం రొట్టె తిన్న పునీతుడు: ఉపవాసం గురించి నేను దాచిన మాట

ఈ వారం వీడియోలో ఉపవాసం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక మహానుభావుడి కథ చెబుదామనుకుని చివర్లో వదిలేశాను. టైమ్ సరిపోలేదని చెప్పొచ్చు. కానీ అసలు సంగతి వేరే. ఆ కథ చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కెమెరా ముందు ఆ ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒక అక్క ఉన్నారు. వాళ్లది గుంటూరు వైపు, క్యాథలిక్ కుటుంబం. శివరాత్రి వెళ్లిన కొద్ది రోజులకి, ఒక బుధవారం ఆవిడ నుదుటి మీద బూడిద గుర్తుతో వచ్చారు. అడిగితే, ఈ రోజు మాకు విభూది బుధవారం అన్నారు. విభూది! నాకు భలే ఆశ్చర్యం వేసింది. కిందటేడు మట్టల ఆదివారం నాడు ఆశీర్వదించిన మట్టల్ని కాల్చి ఆ బూడిద చేస్తారట. ఆ రోజు నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా, ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. ఇంగ్లీషులో లెంట్ అనేది ఇదే. తెలుగు క్యాథలిక్కులు తపస్సు కాలం అంటారు. వాళ్లకి ఈ నలభై రోజులూ మూడు పనులు ముఖ్యం: ప్రార్థన, ఉపవాసం, దానం. శుక్రవారాలు మాంసం ముట్టరు. గుడిలో సిలువ మార్గం చేస్తారు, అంటే యేసు చివరి ప్రయాణాన్ని తలుచుకుంటూ 14 స్థలాల దగ్గర ఆగి ప్రార్థించడం.

ఆ రోజు లంచ్‌లో అక్క మాతోపాటే కూర్చున్నారు. గ్లాసుడు మజ్జిగ తాగుతూ అందరితో నవ్వుతూ మాట్లాడారు. ఉపవాసం అని ఒక్కరికీ చెప్పలేదు. నేను పట్టుకుని అడిగితే అప్పుడు చెప్పారు. ఉపవాసం ఉన్నట్టు ముఖం వేలాడేసుకుని తిరగొద్దు, చక్కగా ముఖం కడుక్కుని మామూలుగా ఉండు అనే బోధనే ఆ రోజు గుడిలో చదువుతారట. ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది. ఎందుకో చివర్లో చెప్తాను. ఆ తర్వాత ఆవిడే పునీత ఫ్రాన్సిస్ గురించి చదవమన్నారు.

ఇటలీలో అస్సీసీ అని కొండ మీద ఒక ఊరు. 1181లోనో 1182లోనో అక్కడ ఒక బట్టల వ్యాపారి ఇంట్లో ఫ్రాన్సిస్ పుట్టాడు. డబ్బుకి లోటు లేదు. ఫ్రెండ్స్, పార్టీలు, పాటలు, ఖరీదైన బట్టలు. అచ్చం ఇప్పటి కుర్రాడే అనుకోండి. పెద్ద యోధుడు అవ్వాలని కల. 1202లో పక్క ఊరు పెరూజియాతో యుద్ధం జరిగితే వెళ్లి పట్టుబడ్డాడు. ఏడాది పాటు జైలు, తర్వాత జబ్బు. లేచేసరికి పాత సరదాలు చప్పగా అనిపించాయి. కుష్ఠురోగుల్ని చూస్తే ముక్కు మూసుకునే మనిషి, ఒకరోజు దారిలో గుర్రం దిగి ఒక రోగి చేతిని ముద్దు పెట్టుకున్నాడు. తండ్రి కోపంతో బిషప్ ముందు పంచాయితీ పెడితే, ఒంటి మీద బట్టలు కూడా విప్పి తండ్రికి ఇచ్చేసి నిలబడ్డాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు ఉండొచ్చు. మన భాషలో చెప్పాలంటే అదే సన్యాసం. 1209లో పోప్ మూడో ఇన్నోసెంట్ నోటిమాటగా అనుమతి ఇచ్చాక ఆయన చుట్టూ ఒక సన్యాసుల సంఘమే ఏర్పడింది.

ఆయనకి ఉపవాసం అంటే ప్రాణం. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం ఒక్కటే కాదు, ఏడాదిలో ఇంకా కొన్నిసార్లు నలభై రోజుల దీక్షలు చేసేవాడు. తర్వాతి కాలపు కథల పుస్తకంలో ఒక ముచ్చట ఉంది. ఒకసారి విభూది బుధవారం రాత్రి ఒక స్నేహితుడి చేత పడవ వేయించుకుని, ట్రాసిమేనో సరస్సులో మనుషులు లేని ద్వీపానికి వెళ్లాడట. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆ స్నేహితుణ్ణి బతిమాలాడట. తీసుకెళ్లింది రెండు చిన్న రొట్టెలు. ఈస్టర్ ముందు గురువారం నాడు స్నేహితుడు తిరిగి వస్తే ఒకటిన్నర రొట్టె అలాగే ఉంది. ఆ సగమైనా ఎందుకు తిన్నట్టు? యేసు నలభై రోజులు ఏమీ తినకుండా ఉన్నాడు, నేనూ ఆయనంతవాణ్ణి అనే గర్వం రాకూడదని. గమనించారా, ఆకలి కంటే అహంకారానికే ఆయన ఎక్కువ భయపడ్డాడు.

తన విషయంలో ఇంత కఠినంగా ఉండే మనిషి పక్కవాళ్ల దగ్గర వెన్న. తొలి రోజుల్లో ఒక అర్ధరాత్రి, తోటి సన్యాసి ఒకాయన ఆకలితో చచ్చిపోతున్నానని కేక పెట్టాడు. ఫ్రాన్సిస్ కోప్పడలేదు, నీతులు చెప్పలేదు. అందరినీ లేపి, ఉన్నదేదో పెట్టించి, తనూ కూర్చుని తిన్నాడు. ఆయన ఒక్కడే తింటే సిగ్గుపడతాడని! ఎవరి ఒంటికి ఎంత శక్తి ఉందో వాళ్లే చూసుకోవాలని చెప్పాడు. 1223లో పోప్ ఆమోదం పొందిన సంఘం నియమావళిలోనూ, తప్పనిసరి అవసరం ఉన్నప్పుడు ఉపవాసం చేయక్కర్లేదని రాసి ఉంది.

ఇప్పుడు నన్ను పట్టుకుని ఊపేసిన సంగతి. ఆయన జీవితచరిత్ర రాసిన చెలానో థామస్ చెప్పిందే ఇది. క్రిస్మస్‌కి ముందు చేసే నలభై రోజుల దీక్ష అది. ఫ్రాన్సిస్‌కి ఒంట్లో బాగోలేదు, నూనె పడట్లేదు. అందుకని పంది కొవ్వు వేసి వండి పెట్టారు. దీక్ష రోజుల్లో అది నిషేధం, కానీ రోగికి తప్పు కాదు. దీక్ష అయ్యాక పొజ్జో బుస్తోనే అనే చోట ఆయన మాట వినడానికి జనం పోగయ్యారు. ఆయన లేచి మొట్టమొదట ఏం చెప్పాడో తెలుసా? మీరంతా నన్ను మహాత్ముడు అనుకుని వచ్చారు, నేను మాత్రం ఈ దీక్షలో పంది కొవ్వుతో వండింది తిన్నాను అని. ఎవరూ అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేదీ కాదు.

ఒంటిని ఆయన సరదాగా గాడిద తమ్ముడు అని పిలిచేవాడు. చివరికి చూపు మందగించి, జబ్బులతో చిక్కిపోయాక, ఆ తమ్ముణ్ణి మరీ కష్టపెట్టానని కూడా ఒప్పుకున్నాడు. 1226 అక్టోబర్ 3న, నలభై నాలుగేళ్లో నలభై ఐదేళ్లో ఉండగా కన్నుమూశాడు. రెండేళ్లకే పునీతుడిగా ప్రకటించారు.

ఇక నా సంగతి. పోయిన కార్తీకంలో ఒక సోమవారం వీడియో మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు, నక్షత్రం చూశాకే భోజనం అని చెప్పాను. అది అబద్ధం అండీ. పదింటికి కళ్లు తిరిగితే నాలుగు ఇడ్లీలు తిన్నాను. తినడం తప్పు కాదు, మా అమ్మే పెట్టింది. సాయంత్రం కెమెరా ఆన్ చేసి తినలేదని చెప్పడమే తప్పు. మీరేమో అన్నా, మీరు గ్రేట్ అని వందల కామెంట్లు పెట్టారు. ఒక తమ్ముడు నన్ను చూసి తనూ ఏమీ తినకుండా ఉండి, నీరసంతో పడిపోయానని రాశాడు. దానికి నేను ఇప్పటిదాకా రిప్లై ఇవ్వలేదు.

ఇవాళ ఇచ్చాను. ఆ వీడియో కింద ఇడ్లీల సంగతి కూడా రాసి పిన్ చేశాను. తమ్ముడూ, ఇది చదువుతుంటే నన్ను క్షమించు. వచ్చే సోమవారం నువ్వు ఉపవాసం ఉంటే, మధ్యలో కళ్లు తిరిగితే, ముందు ఏదైనా తిను. శివయ్య ఏమీ అనుకోడు.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. శుభం.