సున్నా వెనక ఏముంది?

మన ల్యాబ్‌లో మీటరు సున్నా చూపిస్తే ఏం చేస్తాం? ప్రోబు కదుపుతాం, వైరు మారుస్తాం, అప్పటికీ కుదరకపోతే కిట్ పాడైందని చెప్పి పక్క టేబుల్‌కి వెళ్లిపోతాం. అదే మీటరు రెండు వేల కిలోమీటర్ల ఎత్తులో భూమి చుట్టూ తిరుగుతుంటే? 1958లో జేమ్స్ వాన్ అలెన్‌కు వచ్చిన చిక్కు అదే. వాన్ అలెన్ బెల్టుల గురించి ఇంటర్ రోజుల్లో రెండు లైన్లు చదివి వదిలేశాను. ఆ పేరు వెనక మనిషి గురించి తెలుసుకున్నాక మాత్రం మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన 1914లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 1939లో అయోవా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిరంగి గుండులో పెట్టే రేడియో ఫ్యూజ్ మీద పనిచేశారు. గుండు పేలి బయటికి దూసుకొచ్చే కుదుపుకు లోపలి గాజు వాక్యూమ్ ట్యూబులు పగలకూడదు. రాకెట్‌లో పరికరం ఎలా బతకాలో ఆయనకు అక్కడే తెలిసొచ్చిందని నాకనిపిస్తుంది.

1951లో అయోవాకే ప్రొఫెసర్‌గా తిరిగి వచ్చారు. పెద్ద రాకెట్లు కొనే డబ్బు లేదు. అందుకని చిన్న రాకెట్‌ను బెలూన్‌కు కట్టి, పైకి వెళ్లాక అక్కడి నుంచి పేల్చే పద్ధతి పట్టుకున్నారు. 1952లో ఓడ మీది నుంచి వదిలిన మొదటి బెలూన్లు పైకైతే వెళ్లాయి గానీ రాకెట్లు పేలలేదు. పైన చలికి పేల్చే మెకానిజం గడ్డకట్టిందేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. నారింజ రసం డబ్బాలు వేడి చేయించి, పరికరాల పక్కన పెట్టి, చుట్టూ వేడి పోకుండా కప్పి వదిలారు. ఆసారి రాకెట్ పేలింది!

1958 జనవరి 31న అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 కక్ష్యలోకి చేరింది. బరువు 14 కిలోలు. అందులో కాస్మిక్ కిరణాలను లెక్కపెట్టే గైగర్ కౌంటర్ వాన్ అలెన్ బృందానిది. దాన్ని తయారుచేయడంలో ముఖ్యుడు జార్జ్ లుడ్విగ్ అనే పరిశోధక విద్యార్థి.

కష్టాలు వెంటనే మొదలయ్యాయి. పొడవు అక్షం చుట్టూ బొంగరంలా తిరగాల్సిన ఉపగ్రహం, విసిరిన కర్రలా పల్టీలు కొట్టసాగింది. వంగే యాంటెనాలు ఊగుతూ శక్తిని తినేయడమే కారణం. పైగా అందులో టేప్ రికార్డర్ లేదు. గ్రౌండ్ స్టేషన్ మీదుగా వెళ్లే కొద్ది నిమిషాలే డేటా అందేది.

ఆ ముక్కల్లో ఒక వింత కనిపించింది. తక్కువ ఎత్తులో సెకనుకు సుమారు 30 లెక్క వస్తోంది, అంతా మామూలే. ఎత్తుకు పోయినప్పుడు మాత్రం సున్నా. కౌంటర్ చచ్చిపోయిందనుకుందామా అంటే, కిందికి వచ్చాక మళ్లీ చక్కగా పనిచేస్తోంది.

మార్చి 26న ఎక్స్‌ప్లోరర్-3 వెళ్లింది. ఇందులో లుడ్విగ్ చేసిన బుల్లి టేప్ రికార్డర్ ఉంది. కక్ష్య మొత్తం రికార్డు చేసుకుని, కింద నుంచి కమాండ్ అందగానే కొన్ని సెకన్లలో అంతా పంపేస్తుంది. ఇప్పుడు పూర్తి బొమ్మ దొరికింది. ఎత్తుకు వెళ్లేకొద్దీ లెక్క విపరీతంగా పెరిగి, హఠాత్తుగా సున్నాకు పడిపోయి, కిందికి దిగేటప్పుడు మళ్లీ లేస్తోంది.

కార్ల్ మెకిల్‌వేన్ అనే ఇంకో విద్యార్థి అలాంటి కౌంటర్‌నే ల్యాబ్‌లో ఎక్స్-రే యంత్రం ముందు పెట్టి చూశాడు. గైగర్ ట్యూబు ఒక కణాన్ని పట్టుకున్నాక కోలుకోవడానికి కాస్త సమయం కావాలి. ఆ గ్యాప్ ఇవ్వకుండా కణాలు వచ్చి పడుతుంటే పల్స్‌లు చిన్నవైపోయి, సర్క్యూట్ వాటిని లెక్కలోకే తీసుకోదు. అంటే అక్కడ రేడియేషన్ లేక సున్నా రాలేదు, మరీ ఎక్కువై వచ్చింది!

1958 మే 1న వాన్ అలెన్ ఆ సంగతి ప్రకటించారు. భూమి అయస్కాంత క్షేత్రం విద్యుదావేశమున్న కణాలను పట్టి ఉంచుతోంది. అంతటితో ఊరుకోలేదు. తీవ్రమైన రేడియేషన్‌ను కూడా కొలవగల డిటెక్టర్లతో జులైలో ఎక్స్‌ప్లోరర్-4 పంపారు. ఆ ఏడాది చివర్లో పయనీర్-3 బయట ఇంకో బెల్టు ఉందని చూపింది.

నాకు ఇందులో నచ్చింది ఒక్కటే. రీడింగ్ తప్పని కొట్టేయలేదు, అలాగని ఉన్నదున్నట్టు నమ్మేయనూ లేదు. ఏయే పరిస్థితుల్లో ఈ పరికరం సున్నా చూపిస్తుంది అని పరికరాన్నే అడిగారు. ఉపగ్రహాన్ని ముట్టుకోలేనప్పుడు దాని జంటను కింద పెట్టి పరీక్షించారు. ఆ పని చేసింది మన కంటే కొన్నేళ్లే పెద్దవాళ్లైన విద్యార్థులు.

వాన్ అలెన్ 1985లో రిటైరై, 2006లో కన్నుమూశారు. 2023లో మన శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3, చంద్రుడి దారి పట్టేముందు భూమి చుట్టూ తిరిగిన రోజుల్లో ఆ బెల్టుల్లోంచే పదేపదే దాటింది. వాటిని తట్టుకునేలా దాని ఎలక్ట్రానిక్స్‌ను ముందే సిద్ధం చేసుకోగలిగామంటే, అప్పట్లో ఆ సున్నాను ఎవరూ తేలిగ్గా తీసుకోకపోవడం వల్లే.