పరాశరస్మృతి - పంతులుగారు

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయిరి. పెరిగి ఉపాధ్యాయులై, 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. బాలవితంతువుల దుర్దశ వారిని కలచివైచెను. 1856 నాటి చట్టము పునర్వివాహమున కనుమతి నొసగినను, ఆచారము త్రోవ విడువలేదు.

1879లో పంతులుగారు ఉపన్యాసములకు పూనుకొనగా శాస్త్రవాదము చెలరేగెను. భర్త మరణించినను, సన్యసించినను స్త్రీ మరల వివాహమాడవచ్చునని పరాశరస్మృతిలో నొక శ్లోకము గలదు. అది పూర్వయుగములకే చెల్లునని పూర్వాచారపరులును, ఆ స్మృతి కలియుగమునకే యేర్పడినదని సంస్కర్తలును వాదించిరి. ఆ వెంటనే వైధవ్యబ్రహ్మచర్యమును, సహగమనమును కొనియాడు శ్లోకములును గలవు. తమకు వలసిన శ్లోకమును మాత్రము విడదీసి చూపుట ఉభయపక్షములకును సులభమే.

పంతులుగారి ఘనత శ్లోకముతో నాగకపోవుటయందున్నది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. వంటవారును, నీళ్లు తెచ్చువారును మానుకొనగా, వారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీరు మోసి పెండ్లివారికి వండిపెట్టిరి. వెలివేతను దంపతు లిరువురును ఓర్చుకొనిరి. 1919 మే 27న పంతులుగారు మద్రాసులో కాలధర్మము నొందిరి.

గ్రంథమునుండి యొక వాక్యమును తీసి చూపువారిని ముందువెనుకలను గూడ చదివి వినిపింపుమని యడుగుట, ఆ వాక్యమువలన బాగుపడు ప్రాణి యేదో, చెడు ప్రాణి యేదో విచారించుట - ఈ రెండును విద్యార్థులు పంతులుగారి చరిత్రనుండి గ్రహింపదగినవి.